నూరిపోయడం, అప్పజెప్పడం, వెనకబడడం

(అనంతపురంలో ఒక ఆదివారం జరిగిన ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఎండలో, ఇంతమంది వచ్చారు. హిందూపురం నుంచి, గుంతకల్లు నుంచి, అటు ఆలూరు వైపు నుంచి కూడా వచ్చినట్టున్నారు. చాలా సంతోషం. పొద్దున టీ తాగేటప్పుడు మీకు తలా ఒక చీటీ ఇచ్చాను. 'బడిలో నేను ఎవరిలాంటివాణ్ణి, దేనిలాంటిదాన్ని' అని ఒక్క మాట రాయమన్నాను. అందరూ రాసిచ్చారు. అవన్నీ ఇక్కడ నా సంచిలో ఉన్నాయి. చదువుతాను, కంగారు పడకండి, పేర్లు చదవను. ముందు కాసేపు వేరే సంగతి మాట్లాడుకుందాం.

ఇక్కడ తెలుగు చెప్పేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. సరే, బాగానే ఉన్నారు. మీరు పదో తరగతికి అలంకారాలు చెప్తారు కదా. రూపకం అంటే ఏమిటి? ఉపమేయానికీ ఉపమానానికీ, అంటే చెప్పే వస్తువుకీ పోల్చే వస్తువుకీ, భేదం లేనట్టు చెప్పడం. ఉదాహరణ? అదిగో, ముందు వరసలో అందరూ ఒకేసారి అన్నారు. సంసార సాగరం. ముప్పై ఏళ్ళు నేనూ అదే చెప్పాను. లక్షణం రాయాలి, ఉదాహరణ రాయాలి, సమన్వయం చేయాలి. మార్కులు వస్తాయి. అక్కడితో రూపకం పని అయిపోతుంది.

కానీ ఆ పాఠం పేరు చూడండి. అలంకారం. అలంకారం అంటే ఏమిటి? నగ. పెళ్ళికి పెట్టుకుంటాం, ఇంటికొచ్చి తీసి బీరువాలో పెడతాం. నగ లేకపోయినా మనిషి మనిషే. అంటే ఏమనుకుంటున్నాం మనం? రూపకం తీసేసినా మాట మాటలాగే ఉంటుంది, ఆలోచన ఆలోచనలాగే ఉంటుంది అనుకుంటున్నాం. నిజంగా తీయగలమా? ఒకసారి తీసి చూద్దాం.

మీకు కోపం వచ్చింది. ఏమంటారు? ఒళ్ళు మండింది అంటారు. కడుపు రగిలిపోయింది, భగ్గుమన్నాను, వాడొచ్చి ఆజ్యం పోశాడు. తర్వాత? చల్లబడ్డాను. నిప్పు మాట రాకుండా కోపం గురించి నాలుగు వాక్యాలు చెప్పండి చూద్దాం. చెప్పలేం. ఇది మాటతో ఆగిపోయేది కూడా కాదు. ఇంట్లో పెద్దాయనకు కోపం వస్తే మనం ఏం చేస్తాం? చల్లబడనీ, తర్వాత మాట్లాడదాం అని ఊరుకుంటాం. కోపాన్ని నిప్పు అనుకున్నాం కాబట్టి నిప్పుతో ఎలా నడుచుకోవాలో అలాగే నడుచుకుంటున్నాం. గమనించారా? ఎవరూ మనకు అలంకారశాస్త్రం చెప్పలేదు. మాటే మన చేత ఆ పని చేయించింది.

ఈ సంగతిని గట్టిగా పట్టుకుని చెప్పినవాళ్ళు జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అని ఇద్దరు అమెరికా వాళ్ళు. ఒకాయన భాషాశాస్త్రం, ఒకాయన తత్వశాస్త్రం. 1980లో చెప్పారు. రూపకం కవుల సొత్తు కాదు, కూరగాయలు కొనే మనిషి కూడా పొద్దుటి నుంచి రాత్రి దాకా రూపకాల్లోనే ఆలోచిస్తాడు అని. దాన్ని తర్వాత కొందరు పరీక్ష పెట్టి చూశారు. 2011లో పాల్ థిబొడో, లెరా బొరొడిట్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు ఏం చేశారంటే, ఒక ఊళ్ళో నేరాలు పెరిగిపోయాయని చిన్న పేరా రాసి జనానికి ఇచ్చారు. అంకెలన్నీ అవే. ఒక్క మాట తేడా. కొందరికిచ్చిన కాగితంలో నేరం ఊరి మీద పడిన క్రూరమృగం అని ఉంది. కొందరికిచ్చిన దాంట్లో నేరం ఊరికి సోకిన వైరస్ అని ఉంది. ఇప్పుడు ఏం చేయాలో చెప్పండి అన్నారు. మృగం అని చదివినవాళ్ళలో ఎక్కువమంది పోలీసుల్ని పెంచండి, జైల్లో పెట్టండి అన్నారు. వైరస్ అని చదివినవాళ్ళలో అలా అన్నవాళ్ళు తగ్గారు. కారణం కనుక్కోండి, పేదరికం చూడండి, చదువు చూడండి అన్నవాళ్ళు పెరిగారు. ఎందుకలా అనుకున్నారు అని అడిగితే చాలామంది అంకెలు చూపించారు. ఆ ఒక్క మాట మమ్మల్ని లాగింది అని చెప్పినవాళ్ళు చాలా తక్కువ. నాకు ఇందులో భయం వేసే భాగం ఇదే. మాట మనల్ని లాక్కుపోతుంది, మనం మాత్రం నా కాళ్ళతో నేనే నడిచాను అనుకుంటాం.

అమెరికా దాకా ఎందుకు, మనమెక్కడ కూర్చున్నాం? అనంతపురంలో. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ 1916లో పెట్టినప్పుడు దాని పేరేమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి. అవును, సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజ్. దత్తమండల కళాశాల. 1800లో నిజాం ఈ జిల్లాల్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. ఇచ్చేసినవి కాబట్టి దత్తమండలాలు. అంటే మన పేరే ఏమిటి? ఒకడు ఇచ్చేస్తే ఇంకొకడు పుచ్చుకున్న సరుకు. నూట ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పేరుతో బతికాం. 1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు చిలుకూరి నారాయణరావు గారు, ఈ ఊళ్ళోనే ఆ కాలేజీలోనే పాఠం చెప్పినాయన, ఆ పేరు వద్దు, రాయలసీమ అందాం అన్నారు. నేల అదే, రాళ్ళు అవే, వాన అంతే. పేరు మారింది. ఇచ్చేసిన చోటు అన్నది పోయి రాయలు ఏలిన సీమ అయింది. మీరు ఎక్కడికైనా పోయి 'మాది సీమ' అంటారే, అప్పుడు గొంతు కొంచెం లేస్తుంది కదా? ఆ లేవడం 1928లో వచ్చింది. సినిమా వ్యాపారం వాళ్ళు ఇప్పటికీ సీడెడ్ అనే అంటారు. విన్నప్పుడల్లా నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది.

సరే, ఇక చీటీలు. చాలామంది కొవ్వొత్తి అని రాశారు. లెక్కపెట్టలేదు కానీ ఎక్కువ అదే. తాను కరిగిపోతూ వెలుగునిస్తుంది అని. సెప్టెంబరు 5న సభల్లో మనం వినే మాట. మంచి మనసుతో రాశారు, నాకు తెలుసు. కానీ ఒకసారి ఆ కొవ్వొత్తిని పూర్తిగా చూడండి. కొవ్వొత్తికి వెలిగించిన మొదటి నిమిషమే గొప్ప నిమిషం. అక్కడి నుంచి తరిగిపోవడమే. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన టీచరమ్మ తరిగిపోయిందా? ఆమెకు తెలిసినంత కొత్తగా చేరినవాళ్ళకు తెలుసా? కొవ్వొత్తి చదవదు, నేర్చుకోదు, అలసిపోయాను అని చెప్పదు. కొవ్వొత్తికి మోకాళ్ళ నొప్పులు వస్తే ఎవరూ సెలవివ్వరు, ఎందుకంటే కరగడమే దాని ధర్మం కదా! మనల్ని పొగిడే మాటలోనే మనకు రావలసింది అడగకుండా చేసే ముడి ఉంది. ఎవరో కావాలని వేసింది కాదు ఆ ముడి. మనమే మెడలో వేసుకుంటున్నాం.

తర్వాత శిల్పి. ఇదీ చాలామంది రాశారు. లేపాక్షి దగ్గరే ఉంది కాబట్టి సహజం. ఆ నంది ముందు నిలబడ్డారా ఎప్పుడైనా? ఒకటే రాయి. పదిహేను అడుగుల ఎత్తు, ఇరవై ఏడు అడుగుల పొడవు. మెడలో గంటలు, గొలుసులు అన్నీ ఆ రాతిలోవే. చెక్కినవాడికి దండం పెట్టాల్సిందే. అయితే చెక్కడమంటే ఏమిటి? తీసేయడం. రాయికి నువ్వేం కావాలనుకుంటున్నావు అని అడగడం ఉండదు. మనం పిల్లల్లోంచి ఏం తీసేస్తున్నాం? 'యాడికి పోయింటివి రా' అంటే 'ఊరికి పోయింటి సార్' అంటాడు పిల్లోడు. మనం ఏమంటాం? 'పోయింటి కాదు, వెళ్ళాను అనాలి' అంటాం. ఒక ముక్క రాలింది. వాళ్ళమ్మ మాట రాలింది. రేపటి నుంచి వాడు మన ముందు నోరు తెరిచేటప్పుడు వెనకాముందు చూసుకుంటాడు. పాఠ్యపుస్తకం మాట నేర్పొద్దని నేను అనడం లేదు. నేర్పాలి. పక్కన పెట్టి నేర్పాలి, దీన్ని కొట్టేసి కాదు.

ఒకాయన రాసిన చీటీ చదువుతాను, ఉన్నదున్నట్టు. 'నేను ఆర్టీసీ కండక్టర్ని. ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, టిక్కెట్టు కొట్టానా లేదా, లెక్క సరిపోయిందా, ఇదే పని. కిటికీలోంచి చూసే పిల్లోణ్ణి పలకరించే తీరిక లేదు.' హాజరు యాప్‌లో, భోజనం ఫోటో యాప్‌లో, ఒకప్పుడు మరుగుదొడ్డి ఫోటో కూడా యాప్‌లో. ఈయన బాధతో రాశారు. ఈ చీటీ నేను దాచుకుంటాను. కొవ్వొత్తి అని రాసినవాళ్ళు ఎలా ఉండాలో రాశారు, ఈయన ఎలా ఉందో రాశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మన ఉద్యోగంలో ఏం జరుగుతోందో తెలుస్తుంది.

ఇంకొకటి. రాతను బట్టి, మాటను బట్టి ధర్మవరం వైపు టీచరమ్మ అనుకుంటాను. 'మగ్గం మీద కూర్చున్నదాన్ని. పడుగు పిల్లలే ఇంటి నుంచి తెచ్చుకుంటారు. నేను పేక వేస్తాను. పోగు తెగితే ఆగి అతుక్కోవాలి, అరిస్తే అతకదు.' అమ్మా, మీరెవరో గాని, నేను గంట సేపు మాట్లాడదలచుకున్నది మీరు నాలుగు వాక్యాల్లో రాసేశారు. పడుగు అంటే మగ్గం మీది నిలువు పోగులు, పేక అంటే అడ్డం పోగులు. పడుగు పిల్లలు తెచ్చుకుంటారు అన్నారే, ఆ మాట పట్టుకోండి అందరూ. దానికి మళ్ళీ వస్తాను.

ఇప్పటిదాకా మన గురించి మనం అనుకునేవి చెప్పాను. అసలైనవి ఇవి కాదు. ఇవి మనం ఆలోచించి రాసినవి. ఆలోచించకుండా స్టాఫ్‌రూములో మన నోట్లోంచి వచ్చేవి ఉన్నాయి చూశారా, అవే పిల్లల మీద పనిచేసేవి. ఒక్కొక్కటే తీద్దాం.

నూరిపోయడం. 'రాత్రి తొమ్మిది దాకా కూర్చోబెట్టి నూరిపోశాను సార్, అయినా ఎక్కలేదు.' అన్నామా లేదా? అన్నాం. నేనూ అన్నాను. ఈ మాట ఎక్కడిది? మా జేజి, అదే మా నాయనమ్మ, ఆమె చేతిలోంచి వచ్చింది. మా ఇంట్లో చంటిపిల్లలకు ఆమె వస పోసేది. చూసినవాళ్ళు ఉన్నారా? సానరాయి కడుక్కుని, నాలుగు చుక్కలు తల్లిపాలు వేసి, వస కొమ్ము పట్టుకుని దాని మీద రెండే రెండు చుట్లు అరగదీసేది. రెండే. మూడో చుట్టు వేయబోతే మా అమ్మ చేయి పట్టుకునేది, ఘాటు ఎక్కువవుతుందని. వెండి ఉగ్గుగిన్నెలోకి తీసుకుని, కాళ్ళు చాపి, పిల్లను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, గిన్నె కొమ్ము పెదవికి ఆనించి ఒక్కొక్క చుక్కే వదిలేది. చుక్క వదిలి ముఖం చూసేది. మింగిందా? మింగితే ఇంకో చుక్క. ముఖం చిట్లిస్తే ఆగేది. ఊపిరి తీసుకోనిచ్చేది.

మనం చేస్తున్నది అదేనా? నూరడం ఒక్కటి గుర్తుపెట్టుకున్నాం, పోయడం ఒక్కటి గుర్తుపెట్టుకున్నాం. చుక్క వదిలి ముఖం చూడటం మరచిపోయాం. ఇంకొక సంగతి ఉంది, ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అసలు వస ఎందుకు పోస్తారు? మాటలు రావడానికి! గలగలా మాట్లాడే పిల్లను చూసి ఏమంటాం? వసపిట్ట అంటాం. ఏం, చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా అని అడుగుతాం. నూరి పోసింది పిల్ల మాట్లాడాలని. మరి మన తరగతిలో నూరిపోసేటప్పుడు మొదట ఏమంటాం? నోరు మూసుకుని కూర్చోండి! మాట అదే మిగిలింది, పని తలకిందులైపోయింది.

తర్వాతిది, అప్పజెప్పడం. మన పక్క పల్లెల్లో ఒప్పజెప్పడం అంటారు. 'పాఠం ఒప్పజెప్పు', 'ఎక్కాలు ఒప్పజెప్పు.' ఇంటి ఓనరుకు తాళాలు అప్పజెప్తాం. బదిలీ అయితే చార్జి అప్పజెప్తాం. ఎవరిదో వస్తువు మన దగ్గరుంటే తిరిగి ఇవ్వడం అది. అప్పజెప్పేశాక మన దగ్గర ఏం మిగులుతుంది? ఏమీ మిగలదు. తాళాలు ఇచ్చేశాక ఆ ఇంటితో మనకేం పని? మార్చిలో పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లల్ని చూడండి. పుస్తకాలు చింపి గాల్లోకి ఎగరేస్తారు. మనం బాధపడతాం. కానీ పాపం వాళ్ళు మనం నేర్పిన మాటకే కట్టుబడ్డారు. మీది మీకు అప్పజెప్పేశాం సార్, ఇక మాకేం సంబంధం?

బ్రెజిల్ దేశంలో పౌలో ఫ్రెయిరే అని ఒక గొప్ప ఉపాధ్యాయుడు ఉండేవాడు. ఇలాంటి చదువుని ఆయన బ్యాంకు అన్నాడు. టీచరు డిపాజిట్ వేస్తాడు, పిల్లవాడు ఖాతా. పరీక్ష రోజు విత్‌డ్రా చేసుకుంటాం. ఆయన తిట్టి ఊరుకోలేదు. 1963లో అంజికోస్ అనే ఊళ్ళో దాదాపు 300 మంది కూలీలకు నలభై గంటల తరగతులతో చదువు నేర్పాడు. అ అంటే అమ్మ అని మొదలుపెట్టలేదు. ఆ మనుషులు రోజూ పనిచేసే మాటలు తీసుకున్నాడు. ఇటుక మోసేవాడికి ఇటుక అనే మాట. ఆ ఇటుక ఎవరు కాలుస్తారు, ఎవరి ఇంటికి పోతుంది, నీ ఇంటికి ఉందా అని ముందు మాట్లాడించి, తర్వాత అక్షరాలు విడదీశాడు. ఇందాక టీచరమ్మ రాసింది ఇదే కదా. పడుగు వాళ్ళదే.

ఇంకో చిన్న మాట. ఎదురు. 'ఎదురు చెప్తావా?' పిల్లవాడు ప్రశ్న అడిగితే మనకు ఒక్కోసారి అది ఎదురు చెప్పడంలా వినబడుతుంది. ఎందుకంటే మాట్లాడుకోవడాన్ని మనం కొట్లాటగా చూస్తాం. వాదనలో గెలిచాడు, నోరు మూయించాడు, దెబ్బకు దెబ్బ మాట అన్నాడు. కొట్లాట అనుకున్నాక ఎదురుగా నిలబడ్డవాడు శత్రువే. కానీ మన భాషలోనే ఇదే మాటకు ఇంకో బతుకు ఉంది. పెళ్ళిలో ఎదురుకోలు అంటాం. మగపెళ్ళివాళ్ళు వస్తుంటే మేళతాళాలతో ఎదురు పోయి పానకం ఇచ్చి తీసుకొస్తాం. ఎదురు రావడమంటే గౌరవించడం. నా తరగతిలో ఒక ఆడపిల్ల, తొమ్మిదో తరగతి, ఒకసారి లేచి 'సార్, మీరు నిన్న చెప్పిందానికి ఇది సరిపోవడం లేదు' అంది. నిన్న చెప్పింది ఇంటికి తీసుకుపోయి, రాత్రి తిప్పి తిప్పి చూసుకుని, పొద్దున తెచ్చింది ఆ పిల్ల. అంతకన్నా మంచి ఎదురుకోలు మనకు ఎవరు చేస్తారు?

మా నాయన రైతు. శెనగకాయ, అంటే వేరుశెనగ పైరు. ఇక్కడ సగం మంది ఆ చేలల్లోంచి వచ్చినవాళ్ళే. మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా ఎప్పుడు పడుతుందో తెలియదు. పదును వాన పడిందాకా విత్తే గొర్రు కట్టరు. జూన్ వచ్చింది కదా అని పొడిదుక్కిలో విత్తనం పోస్తే చీమలు తింటాయి. క్యాలెండరు కాదు, పదును చూడాలి. అదొకటి. రెండోది ఊడలు. పూత పైన పూస్తుంది, కాయ మాత్రం భూమిలో కాస్తుంది. పూవు నుంచి ఊడ దిగి నేలలోకి దూరుతుంది. నలభై ఐదు రోజులు దాటాక ఇక గుంటక తోలకూడదు, దంతె కొట్టకూడదు. ఊడ దిగేటప్పుడు నేల కదిలిస్తే కాయ పట్టదు. మా నాయన గట్టు మీద కూర్చునేవాడు. కలుపు ఉంటే చేత్తో తీసేవాడు, అంతే. నేను చిన్నప్పుడు ఆత్రం పట్టలేక ఒక చెట్టు పీకి చూశాను. తెల్లగా, నీళ్ళ బొట్లలా, అప్పుడే పడుతున్న పిందెలు. 'చూసినావు కదా, ఇప్పుడు దాన్ని మళ్ళీ నాటు పో' అన్నాడు. తిట్టలేదు. వారం వారం పరీక్ష, రోజు రోజూ స్లిప్ టెస్ట్, వాటి మార్కులు రాత్రికి వాట్సాప్ గ్రూపులో. మాటిమాటికి పీకి చూస్తున్నాం. కాయ పట్టే టైమ్ ఇస్తున్నామా?

అయితే జాగ్రత్త. ఈ రైతు మాట నాకు ఇష్టం కాబట్టి ఇది సరైనది, మిగతావి తప్పు అని నేను అనను. ఇందులోనూ ముల్లు ఉంది. చేను అనగానే కలుపు అనే మాట వెంటనే వస్తుంది. 'ఆ ముగ్గురు కలుపు మొక్కలు సార్, మిగతా క్లాసును పాడుచేస్తున్నారు.' విన్నారా ఈ మాట? కలుపు అన్నాక చేయి ఏం చేస్తుంది? పీకి గట్టు మీద పారేస్తుంది. ఏ పిల్లవాడూ కలుపు కాదు. ఏ రూపకమైనా ఒక పక్క వెలుతురు వేస్తుంది, ఇంకో పక్క చీకటి చేస్తుంది. ఆ చీకటిలో ఏ పిల్లవాడు నిలబడి ఉన్నాడో మనం వెతుక్కోవాలి.

ఇక ఆఖరుది. ఇదొక్కటి చెప్పడానికే నేను వచ్చాను అనుకోండి. వెనకబడ్డాడు.

వెనకబడిన పిల్లలు. వెనకబడిన జిల్లా. వెనకబడిన ప్రాంతం. ఈ మాట ఎంత వాడేశామంటే ఇందులో బొమ్మ ఉందని కూడా మనకు తోచదు. బొమ్మ ఏమిటి? పరుగు పందెం. ఒకటే దారి. అందరూ ఒకే గీత దగ్గర మొదలుపెట్టారు. అందరూ ఒకే వైపు పోతున్నారు. ఒకడు ముందున్నాడు, ఒకడు వెనక ఉన్నాడు. వెనక ఎందుకున్నాడు? కాళ్ళలో సత్తువ లేదు, లేదా పరుగెత్తడానికి బద్ధకం. ఆ ఒక్క మాటలో ఇంత తీర్పు ఉంది. మనం తీర్పు చెప్పామని కూడా మనకు తెలియదు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక పల్లెలో పనిచేశాను. ఊరి పేరు అక్కర్లేదు. ఆ వైపు సుగ్గికి పోతారు, మీలో ఆలూరు, ఆదోని, కోసిగి వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. వానలు లేక, పంట రాక, ఊరికి ఊరే పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతకు పోతుంది. జనవరిలో ఇళ్ళకు తాళాలు పడతాయి. నా ఐదో తరగతిలో సగం పలకలు గోడకు ఆనించి ఉండేవి, పిల్లలు లేరు. ఉగాదికి తిరిగొచ్చారు. అందులో ఒక పిల్లోడు. బక్కగా, పెద్ద కళ్ళు. నేను పుస్తకం ఇచ్చి చదవమన్నాను. ఒత్తులు రావడం లేదు. రిజిస్టర్లో వాడి పేరు ఎదురుగా రాశాను: వెనకబడినవాడు. ఎర్ర సిరాతో.

ఆ మధ్యాహ్నం వాడు కళ్ళు నులుముకుంటున్నాడు, నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తున్నావా రా అన్నాను. లేదు సార్, చేతులు మండుతాండాయి, మర్చిపోయి కళ్ళల్లో పెట్టుకుంటి అన్నాడు. చేతులు చూశాను. వేళ్ళ చివర తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. మిరపకాయ కోసిన చేతులు. పదేళ్ళ పిల్లోడివి. నిక్కరు జేబులో ఏదో అట్ట బయటికి కనబడింది. ఏమిటది అన్నాను. తీసిచ్చాడు. అగ్గిపెట్టె అట్టలు, దారంతో కట్టినవి. వాటి మీద బొగ్గుతో గీతలు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. అలాంటి కట్టలు వరసగా. కొన్నిటి పక్కన సున్నా, కొన్నిటి పక్కన సగం సున్నా.

'మాయమ్మ కోసిన కాయ రాసుకుంటి సార్. మేస్త్రి తూకం తక్కువ చెప్తాడని.'

సున్నా అంటే ఏమిటి అని అడిగాను. మేస్త్రి డబ్బులిచ్చిన రోజు. సగం సున్నా? సగమే ఇచ్చిన రోజు. నేను కిందే కూర్చున్నాను వాడి పక్కన. కిలోకు ఇంతని వాడే చెప్పాడు, మొత్తం ఎంత రావాలో, ఎంత వచ్చిందో, ఎంత బాకీయో నోటితోనే లెక్క కట్టి చెప్పాడు. నేను కాగితం మీద వేసి సరిచూశాను. ఒక్క రూపాయి తేడా లేదు. ఆ అట్టలు నాకిస్తావా అని అడిగాను. ఇవ్వను సార్, మాయమ్మకు కావల్ల, లెక్క ఇంకా తేల్లేదు అన్నాడు.

చెప్పండి. వాడు వెనకబడ్డాడా? వాడు ఎక్కడా ఆగిపోలేదు. మనం పోతున్న దారిలో లేడు, అంతే. రెండొందల మైళ్ళు అవతల ఇంకో దారిలో, వాళ్ళమ్మ పక్కన నడుస్తున్నాడు. నేను మాత్రం ఇక్కడ గీత గీసుకుని కూర్చుని, వాడు కనబడలేదు కాబట్టి వెనకున్నాడని రాసేశాను. ఆ మాట రాయగానే నా పని కూడా తేలికైపోయింది, అది చూడండి. వెనకబడినవాడు అన్నాక ఇక ఏం చేయాలి? తరమాలి. త్వరగా పరుగెత్తించాలి. సాయంత్రం అదనపు క్లాసు. వాడికి ఏం వచ్చు అని అడగాలనే నాకు తోచలేదు. పందెంలో వెనకున్నవాణ్ణి నీకేం వచ్చు అని ఎవరైనా అడుగుతారా?

మరుసటి రోజు లెక్కల పాఠం ఆ గీతలతోనే మొదలుపెట్టాను. మేస్త్రి తూకం, బాకీ, వడ్డీ. ఒత్తులు కూడా అక్కడి నుంచే నేర్పాను. మేస్త్రి అనే మాటలో మూడక్షరాల ఒత్తు ఉంది కదా, వాడికి ఆ మాట అంటే కోపం, ఆ కోపంతోనే నేర్చుకున్నాడు. ముందే వచ్చిన పిల్లలు కూడా వాడి చుట్టూ చేరారు. అయితే రిజిస్టర్లో ఎర్ర సిరా అలాగే ఉండిపోయింది. కొట్టేయకూడదు కదా, ఆఫీసు రికార్డు. తర్వాత వచ్చిన టీచరు చదువుకుని ఉంటాడు.

ఏదో అడుగుతున్నారు, వెనక మేడం. కొంచెం గట్టిగా అమ్మా. ఆ, మేడం అడుగుతున్నది: 'మరి మేం ఏం రాయాలి సార్? పైనుంచి వచ్చే ఫారంలో ఒక చిన్న గడి ఉంటుంది. ఏ, బీ, సీ అని వేయాలి. కథ రాయడానికి చోటు ఉండదు.' నిజమే. అది మన చేతిలో లేదు. సీ వేయాల్సి వస్తే వేయండి. కానీ అమ్మా, మన దగ్గర మన నోటు ఒకటి ఉంటుంది కదా, పాఠం ప్లాను రాసుకునేది. అందులో వెనకబడ్డాడు అనే మాట తీసేసి జరిగింది జరిగినట్టు రాయండి. నేను ఇప్పుడు ఆ పిల్లోడి గురించి రాస్తే ఇలా రాస్తాను: 'జనవరి నుంచి ఉగాది దాకా గుంటూరు వైపు మిరపకోతకు పోయాడు. తూకం లెక్కలు, బాకీ లెక్కలు నోటితో చేస్తాడు. ఒత్తులు ఇంకా రావాలి. వేళ్ళు మానేదాకా పెన్సిల్ పట్టించొద్దు.' నాలుగు ముక్కలు. తర్వాత వచ్చే టీచరుకు ఆ నోటు చేతికివ్వండి. గడిలో పట్టకపోతే పక్కన మార్జిన్‌లో రాయండి.